శ్రీహరికోట దారిలో అంతరిక్ష వ్యవస్థాపకులు

అంతరిక్ష రంగంలో రాకెట్లు, ఉపగ్రహాలు, వాటి విడిభాగాలు తయారుచేసే సంస్థను స్థాపించి, దాని పగ్గాలు పట్టినవారిని అంతరిక్ష వ్యవస్థాపకులు అంటారు. భారతదేశంలో 2020 వరకు ఈ రంగం దాదాపు పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉండేది. ప్రైవేటు కర్మాగారాలు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ (ఇస్రో) ఇచ్చిన నమూనా ప్రకారం భాగాలు చేసి ఇచ్చేవి. సొంత పేరుతో రాకెట్ ఎగరేసే వీలు వాటికి ఉండేది కాదు. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం తలుపులు తెరిచింది. రెండున్నరేళ్లు తిరగకముందే, 2022 నవంబరు 18న, హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ ఏరోస్పేస్ తయారుచేసిన విక్రమ్-ఎస్ రాకెట్ శ్రీహరికోట నుంచి ఎగిరింది. దేశంలో ఒక ప్రైవేటు సంస్థ ప్రయోగించిన తొలి రాకెట్ అదే.

ఈ వ్యాసం ఆ ప్రయోగం వెనుక ఉన్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లు పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకల ప్రస్థానాన్ని ప్రధానంగా వివరిస్తుంది. అదే తీరం నుంచి వేరే దారుల్లో పైకి వెళ్లిన ధ్రువ స్పేస్, అగ్నికుల్ కాస్మోస్ సంస్థల సారథులను కూడా పరిచయం చేస్తుంది. చదువు, కొలువు, రాజీనామా, పెట్టుబడి, పరీక్షలు, ప్రయోగం అనే మెట్లలో ఏది ఎవరి సాయంతో ఎక్కారో గమనిస్తే ఒక సంగతి తేటపడుతుంది. భారత ప్రైవేటు రాకెట్‌కు విత్తనం పడింది ప్రభుత్వ సంస్థల్లోనే.

తీరం, దీవి

శ్రీహరికోట నెల్లూరు తీరపు దక్షిణపు కొసన ఉన్న పొడవాటి దీవి. తూర్పున బంగాళాఖాతం, పడమరన పులికాట్ సరస్సు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. దీవికి చేరే దారి సూళ్లూరుపేట నుంచి మొదలై సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీదుగా సాగుతుంది. శీతాకాలంలో ఆ రోడ్డుకు రెండువైపులా లోతులేని నీళ్లలో రాజహంసలు గుంపులు గుంపులుగా మేస్తూ కనిపిస్తాయి. దగ్గరలోని నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రానికి గూడబాతులు వస్తాయి.

రాకెట్ కేంద్రానికి ఈ దీవిని 1969లో ఎంపిక చేశారు. కారణాలు స్పష్టమైనవి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట ఆ వేగం ఎక్కువ. సుమారు 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న శ్రీహరికోట దగ్గర నేల సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగంతో కదులుతూ ఉంటుంది. తూర్పు దిక్కుగా ఎగిరే రాకెట్‌కు ఆ వేగం ఉచితంగా కలిసివస్తుంది. ఎదురుగా సముద్రం కాబట్టి, మండి విడిపోయిన దశలు జనావాసాల మీద పడే ప్రమాదం ఉండదు. చుట్టూ నీళ్లు ఉండటం వల్ల భద్రత కూడా సులువు.

1971 అక్టోబరు 9న ఆర్‌హెచ్-125 అనే సౌండింగ్ రాకెట్‌తో ఇక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చడంతో సొంతంగా ఉపగ్రహం ప్రయోగించగల దేశాల వరుసలో భారత్ చేరింది. స్థానికులు నేటికీ షార్ అని పిలిచే ఈ కేంద్రానికి 2002లో సతీశ్ ధావన్ పేరు పెట్టారు. 2025 జనవరి 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15తో ఇక్కడి నుంచి నూరో ప్రయోగం జరిగింది. అదే నెలలో రూ. 3,984.86 కోట్లతో మూడో ప్రయోగ వేదికకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

తొలి తరం: భాగాలు చేసి ఇచ్చినవారు

స్కైరూట్‌కు ముందే తెలుగు నేల మీద అంతరిక్ష పరిశ్రమ ఉంది. 1970లో హైదరాబాద్‌లో మొదలైన ఎంటీఏఆర్ సంస్థ అణుశక్తి, అంతరిక్ష రంగాలకు అతి సూక్ష్మమైన కొలతలతో లోహభాగాలు తయారుచేసింది. పీఎస్‌ఎల్‌వీ, జీఎస్‌ఎల్‌వీలను నడిపే వికాస్ ద్రవ ఇంజన్ల తయారీలో దాని పాత్ర పెద్దది. ఆ సంస్థ 2021 మార్చిలో పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. ఇస్రోలో శాస్త్రవేత్తగా పనిచేసిన పావులూరి సుబ్బారావు 1992లో హైదరాబాద్‌లో అనంత్ టెక్నాలజీస్ స్థాపించి, రాకెట్లకు, ఉపగ్రహాలకు కావలసిన ఎలక్ట్రానిక్ వ్యవస్థలు అందించారు.

ఈ తరం వ్యవస్థాపకులకు కొనుగోలుదారు ఒక్కరే, ఇస్రో. నమూనా ఇస్రోది, పరీక్ష ఇస్రోది, రాకెట్ మీద పేరూ ఇస్రోదే. లాభం పరిమితం, ఓపిక అపారం. అయినా ఈ సంస్థలు చేసిన మేలు చిన్నది కాదు. రాకెట్‌కు పనికొచ్చే వెల్డింగ్, లేత్ పని, నాణ్యత పరీక్ష తెలిసిన కార్మికుల తరాన్ని హైదరాబాద్‌లో అవి తయారుచేశాయి. తరువాత వచ్చిన స్టార్టప్‌లకు నగరంలోనే చేయి తిరిగిన పనివారు, సరఫరాదారులు దొరికారంటే కారణం అదే.

పునాది: చదువు, కొలువు

పవన్ కుమార్ చందన విశాఖపట్నంలో పెరిగారు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి 2012లో ఇస్రోలో చేరారు. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయి అంతరిక్ష కేంద్రంలో ఆయన కొలువు. అప్పుడు అక్కడ తయారవుతున్న జీఎస్‌ఎల్‌వీ మార్క్-3 పక్కన కట్టే ఎస్200 ఘన ఇంధన మోటారు ప్రపంచంలోని అతిపెద్ద ఘన మోటార్లలో ఒకటి. ఆ కార్యక్రమంలో ఆయన పనిచేశారు. నాగ భరత్ డాక ఐఐటీ మద్రాస్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి అదే 2012లో అదే కేంద్రంలో చేరారు. రాకెట్‌లోని ఫ్లైట్ కంప్యూటర్ల పని ఆయనది. మంట పుట్టించే మోటారు ఒకరికి, ఆ మంటను దారిలో పెట్టే కంప్యూటరు మరొకరికి తెలుసు. సంస్థ పెట్టినప్పుడు ఈ జోడీ బాగా కుదిరింది.

ఐఐటీలో చదువుకు చాలావరకు ఖర్చు పెట్టేది ప్రజలే. ఇస్రోలో ఆరేళ్ల పని అంటే, బయట ఎన్ని కోట్లు పోసినా దొరకని శిక్షణ. ఘన ఇంధనాన్ని మోటారులో పోసేటప్పుడు చిన్న గాలిబుడగ మిగిలినా అది ఎలా ముప్పు తెస్తుందో, ఒక కవాటం తెరుచుకోకపోతే మొత్తం ప్రయోగం ఎలా పోతుందో పుస్తకాల్లో చదివి తెలుసుకోవడం వేరు, సమీక్షల్లో కూర్చుని తెలుసుకోవడం వేరు. రాకెట్ పరిశ్రమలో ఇంజనీరుకు ఆ సమీక్షలే అసలు బడి.

ప్రపంచంలో ఈ రంగానికి వచ్చిన దారులు రకరకాలు. అమెరికాలో 2002లో స్పేస్‌ఎక్స్ పెట్టిన ఇలాన్ మస్క్ ఇంటర్నెట్ వ్యాపారంలో సంపాదించిన డబ్బుతో వచ్చారు. న్యూజిలాండ్‌లో 2006లో రాకెట్ ల్యాబ్ స్థాపించిన పీటర్ బెక్ విశ్వవిద్యాలయం మెట్లు ఎక్కకుండా, పనిముట్లు చేసే వృత్తి నేర్చుకుని వచ్చారు. చందన, డాకలది మూడో దారి. వారు ప్రభుత్వ అంతరిక్ష సంస్థలో పని నేర్చుకుని, అక్కడి నుంచి బయటికి వచ్చారు. భారతదేశపు పరిస్థితులకు ఈ దారే సహజమైనది.

రాజీనామా, స్థాపన, పెట్టుబడి

2018లో ఇద్దరూ ఇస్రో ఉద్యోగాలు వదిలారు. ఆ ఏడాది జూన్‌లో హైదరాబాద్‌లో స్కైరూట్ ఏరోస్పేస్ మొదలైంది. చందన సీఈవో, డాక సీవోవో. ప్రైవేటు సంస్థ రాకెట్ ఎగరేయడానికి అనుమతి ఇచ్చే వ్యవస్థే అప్పటికి దేశంలో లేదు. కేంద్ర ప్రభుత్వ శాశ్వత ఉద్యోగం అంటే ఇంటిల్లిపాదికీ భరోసా. దాన్ని వదులుకుని, చట్టం ఇంకా దారి చూపని రంగంలోకి దిగడానికి సాంకేతిక పరిజ్ఞానంతో పాటు గుండె దిటవు కూడా కావాలి.

తొలి పెట్టుబడి మింత్రా వ్యవస్థాపకుల్లో ఒకరైన ముకేశ్ బన్సల్ నుంచి వచ్చింది. అది 15 లక్షల డాలర్లు. పేలుడు పదార్థాల తయారీలో అనుభవం ఉన్న నాగ్‌పూర్ సంస్థ సోలార్ ఇండస్ట్రీస్ తరువాత చేయి కలిపింది. 2021 మేలో వచ్చిన 1.1 కోట్ల డాలర్ల పెట్టుబడికి ముందు నిలిచినవారు హైదరాబాద్ గ్రీన్‌కో సంస్థ స్థాపకులు చలమలశెట్టి అనిల్, కొల్లి మహేశ్. 2022 సెప్టెంబరులో సింగపూర్ ప్రభుత్వ నిధి జీఐసీ ఆధ్వర్యంలో 5.1 కోట్ల డాలర్లు, 2023 అక్టోబరులో టెమాసెక్ ఆధ్వర్యంలో 2.75 కోట్ల డాలర్లు వచ్చాయి.

ఈ వరుసలో ఒక క్రమం ఉంది. ప్రతి విడత డబ్బుకు ముందో వెనుకో ఒక పరీక్ష కనిపిస్తుంది. 2020లో రామన్ ద్రవ ఇంజన్‌ను, అదే ఏడాది డిసెంబరులో కలాం-5 ఘన మోటారును పరీక్షించారు. 2021 నవంబరులో ధావన్-1 క్రయోజనిక్ ఇంజన్‌ను, 2022 మేలో కలాం-100 మోటారును మండించారు. పెట్టుబడిదారుకు కాగితం మీద గీసిన రాకెట్ కన్నా పరీక్ష వేదిక మీద మండిన మోటారు మీద నమ్మకం ఎక్కువ. ఇంజన్లకు సి.వి. రామన్, అబ్దుల్ కలాం, సతీశ్ ధావన్ల పేర్లు, రాకెట్‌కు విక్రమ్ సారాభాయి పేరు పెట్టడం కూడా యాదృచ్ఛికం కాదు. తాము ఎవరి భుజాల మీద నిలబడ్డారో ఈ స్థాపకులు ప్రతి యంత్రం మీదా రాసుకున్నారు.

2022 నవంబరు 18

విక్రమ్-ఎస్ చిన్న రాకెట్. పొడవు 6 మీటర్లు, బరువు 545 కిలోలు. ఒకే దశ, ఒకే ఘన మోటారు కలాం-80. ఒళ్లంతా కార్బన్ మిశ్రమ పదార్థం. నిటారుగా ఎగిరేటప్పుడు ఊగిపోకుండా తన చుట్టూ తాను తిరిగేలా చేయడానికి 3డి ముద్రణతో చేసిన నాలుగు చిన్న థ్రస్టర్లు అమర్చారు. ప్రయోగానికి ‘ప్రారంభ్’ అని పేరు. చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎన్-స్పేస్‌టెక్, ఆర్మేనియాకు చెందిన ఒక సంస్థ పంపిన మూడు పేలోడ్‌లు అందులో ఉన్నాయి.

వాతావరణం అనుకూలించక ప్రయోగం కొన్ని రోజులు వెనక్కి జరిగింది. నవంబరు అంటే నెల్లూరు తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలం, వాయుగుండాల కాలం. చివరికి శుక్రవారం ఉదయం 11.30 గంటలకు, ఇస్రో సౌండింగ్ రాకెట్ల కోసం వాడే వేదిక నుంచి విక్రమ్-ఎస్ లేచింది. ధ్వని వేగానికి దాదాపు అయిదు రెట్లు అందుకుని 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. అయిదు నిమిషాల లోపే బంగాళాఖాతంలో పడిపోయింది. అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది.

దీన్ని ఉన్నదున్నట్టు అంచనా వేయాలి. విక్రమ్-ఎస్ కక్ష్యలోకి వెళ్లలేదు. అది అందుకోసం చేసిన రాకెట్ కాదు. ఒక ఉపగ్రహం భూమి చుట్టూ తిరగాలంటే సెకనుకు దాదాపు 7.6 కిలోమీటర్ల వేగం కావాలి. విక్రమ్-ఎస్ అందుకున్నది సెకనుకు రెండు కిలోమీటర్ల లోపే. అంతరిక్షానికి హద్దుగా ఎక్కువమంది ఒప్పుకునే 100 కిలోమీటర్ల ఎత్తును కూడా అది దాటలేదు. కానీ ఆ అయిదు నిమిషాల్లో దేశంలోని ఒక పెద్ద సందేహం తీరింది. ప్రైవేటు సంస్థ మోటారు చేయగలదా, అనుమతులు తెచ్చుకోగలదా, ఇస్రో వేదిక మీద ఇస్రో భద్రతా నియమాల ప్రకారం కౌంట్‌డౌన్ నడపగలదా అన్న ప్రశ్నలన్నిటికీ ఒకేసారి జవాబు దొరికింది.

అదే నెల 26న పీఎస్‌ఎల్‌వీ-సీ54 అదే దీవి నుంచి ఎగిరింది. ఇస్రో వారి ఈవోఎస్-06తో పాటు హైదరాబాద్ ధ్రువ స్పేస్ సంస్థ చేసిన రెండు థైబోల్ట్ చిన్న ఉపగ్రహాలను అది కక్ష్యలో వదిలింది. ఎనిమిది రోజుల్లో ఒకే నగరానికి చెందిన రెండు స్టార్టప్‌లు, ఒకటి రాకెట్‌తో, మరొకటి ఉపగ్రహాలతో, ఒకే తీరం నుంచి పైకి వెళ్లాయి.

మరో రెండు దారులు

ధ్రువ స్పేస్ వ్యవస్థాపకుడు, సీఈవో సంజయ్ నెక్కంటి చెన్నై దగ్గరి ఎస్‌ఆర్‌ఎం విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్నప్పుడే ఉపగ్రహం పని మొదలుపెట్టారు. విద్యార్థులు తయారుచేసిన ఎస్‌ఆర్‌ఎంశాట్ 2011 అక్టోబరు 12న పీఎస్‌ఎల్‌వీ-సీ18 మీద శ్రీహరికోట నుంచి వెళ్లింది. ఆ జట్టులో ఆయన పనిచేశారు. తరువాత ఐరోపాలో అంతరిక్ష సాంకేతికత చదివి, 2012లో ధ్రువ స్పేస్ మొదలుపెట్టారు. తరువాతి కాలంలో అభయ్ ఏగూర్, కృష్ణతేజ పెనమకూరు, చైతన్య దొర సూరపురెడ్డి సహస్థాపకులుగా ముందుకు నడిపారు.

2012కూ 2022కూ మధ్య పదేళ్లు. ఆ పదేళ్లలో ఎక్కువ భాగం ప్రైవేటు ఉపగ్రహానికి విధానమే లేదు. సంస్థను మూసేయడానికి కావలసినన్ని కారణాలు ఉన్న కాలం అది. 2022 జూన్‌లో ప్రైవేటు సంస్థలకు దేశంలో తొలి అనుమతులు ఇచ్చినప్పుడు ఆ జాబితాలో ధ్రువ స్పేస్ ఉంది. ఉపగ్రహాన్ని రాకెట్ నుంచి విడదీసే తన పరికరాన్ని ఆ నెల 30న పీఎస్‌ఎల్‌వీ-సీ53 మీద పరీక్షించుకుంది. ఓపిక కూడా ఒక పెట్టుబడే అనడానికి ఈ పదేళ్లే సాక్ష్యం.

అగ్నికుల్ కాస్మోస్‌ది విద్యాసంస్థ దారి. ఆర్థిక రంగంలో ఉద్యోగం వదిలి ఏరోస్పేస్ చదివిన శ్రీనాథ్ రవిచంద్రన్, సహస్థాపకుడు మొయిన్ ఎస్‌పీఎంతో కలిసి 2017లో చెన్నైలో దీన్ని ప్రారంభించారు. ఐఐటీ మద్రాస్ ఆచార్యుడు సత్య చక్రవర్తి వారికి అండగా నిలిచారు. అతుకులు లేకుండా ఒకే ముక్కగా 3డి ముద్రణలో ఇంజన్ చేయడం ఈ సంస్థ ప్రత్యేకత. 2022 నవంబరులోనే శ్రీహరికోటలో దేశంలోని తొలి ప్రైవేటు ప్రయోగ వేదికను అగ్నికుల్ ప్రారంభించింది. అయితే అక్కడి నుంచి ఎగరడం అంత తేలిగ్గా జరగలేదు. 2024లో నాలుగుసార్లు కౌంట్‌డౌన్ ఆగిపోయింది. మే 30 ఉదయం 7.15కు అయిదో ప్రయత్నంలో అగ్నిబాణ్ సోర్టెడ్ రాకెట్ ఎగిరింది. ఆగిన ప్రతిసారీ బయటివారికి అది వైఫల్యంలా కనిపించింది. రాకెట్ పని తెలిసినవారు మాత్రం, చిన్న తేడా కనిపించగానే ఆపగలిగిన వ్యవస్థ సరిగ్గా పనిచేసిందనే అంటారు.

సీఈవో చేసే పని

ఇంజనీరుగా ఉన్నప్పుడు ఒక మోటారు గురించి ఆలోచిస్తే సరిపోతుంది. సీఈవో అయ్యాక ఆ మోటారు చేసే మనుషుల గురించి, వాళ్ల జీతాల గురించి, మోటారుకు కొనుగోలుదారు గురించి, అనుమతి ఇచ్చే అధికారి గురించి కూడా ఆలోచించాలి. అంతరిక్ష సంస్థ సీఈవో పనిని నాలుగు భాగాలుగా చూడవచ్చు.

మొదటిది నిధులు. సాఫ్ట్‌వేర్ సంస్థ ఆరు నెలల్లో వస్తువు అమ్మగలదు. రాకెట్ సంస్థ ఏళ్ల తరబడి అమ్మకాలు లేకుండా ఖర్చే పెడుతుంది. అంతకాలం నమ్మకం నిలబెట్టడం సీఈవో బాధ్యత. రెండోది జట్టు. ఇస్రోలో జీవితకాలం పనిచేసి విశ్రాంతి తీసుకున్న నిపుణులను, అప్పుడే కళాశాల నుంచి వచ్చిన యువకులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. మొదటివారి జాగ్రత్త, రెండోవారి వేగం రెండూ కావాలి. మూడోది ఒప్పందాలు. 2021 సెప్టెంబరులో అంతరిక్ష విభాగంతో స్కైరూట్ చేసుకున్న ఒప్పందం వల్లే ఇస్రో పరీక్ష కేంద్రాలు, నిపుణులు ఆ సంస్థకు అందుబాటులోకి వచ్చారు. నాలుగోది ప్రయోగం రోజు నిర్ణయం. ఎగరేయమనడానికీ ఆపమనడానికీ మధ్య ఉన్న ఆ చివరి మాట పెట్టుబడిదారు చెప్పలేడు, మంత్రి చెప్పలేడు.

స్కైరూట్ 2023 అక్టోబరులో శంషాబాద్‌లో మాక్స్-క్యూ కేంద్రాన్ని ప్రారంభించింది. 2025 నవంబరు 27న ప్రధాని నరేంద్ర మోదీ వీడియో ద్వారా ఆ సంస్థ ఇన్ఫినిటీ ప్రాంగణాన్ని ప్రారంభించి, ఉపగ్రహాలను కక్ష్యలో చేర్చే విక్రమ్-1 రాకెట్‌ను ఆవిష్కరించారు. దానిలో మూడు ఘన దశలు, వాటి పైన రామన్ ఇంజన్లతో పనిచేసే ద్రవ దశ ఉన్నాయి.

వైఫల్యాన్ని ఎవరు మోయాలి

ఈ తీరానికి వైఫల్యం కొత్త కాదు. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం రెండో దశలోని కవాటం లోపం వల్ల విఫలమై, రాకెట్ సముద్రం పాలైంది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. పత్రికల ముందుకు వచ్చి బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్. మరుసటి ఏడాది విజయం వచ్చినప్పుడు పత్రికలతో మాట్లాడమని ధావన్ కలాంనే ముందుకు పంపారు. కలాం ఈ సంగతిని జీవితాంతం చెబుతూ వచ్చారు. నాయకత్వం గురించి నిర్వహణ శాస్త్ర గ్రంథాలు వందల పేజీల్లో చెప్పేదాన్ని ఈ రెండు రోజులు చెప్పేశాయి.

ప్రపంచంలోనూ కథ ఇదే. స్పేస్‌ఎక్స్ ఫాల్కన్-1 మూడుసార్లు విఫలమై 2008 సెప్టెంబరు 28న నాలుగోసారి కక్ష్య చేరింది. రాకెట్ ల్యాబ్ ఎలక్ట్రాన్ 2017లో తొలిసారి చేరలేక 2018 జనవరిలో చేరింది. ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ 2022 ఆగస్టులో విఫలమై 2023 ఫిబ్రవరిలో గెలిచింది. ప్రభుత్వ సంస్థ ఓడితే బడ్జెట్ నుంచి మళ్లీ డబ్బు వస్తుంది. స్టార్టప్ ఓడితే ఆ డబ్బు మళ్లీ అడిగి తెచ్చుకోవాలి. అందుకే ప్రైవేటు సీఈవోకు ధావన్ పాఠం ఇంకా ఎక్కువ అవసరం.

దారి వేసిన విధానాలు

2020లో ప్రకటించిన ఇన్-స్పేస్ ప్రైవేటు సంస్థలకు అనుమతి, ఇస్రో వసతులు ఇప్పించే సంస్థ. దాని తొలి అధ్యక్షుడు పవన్ గోయెంకా. 2022 జూన్ 10న అహ్మదాబాద్‌లో ప్రధాన కార్యాలయం ప్రారంభమైంది. 2023లో భారత అంతరిక్ష విధానం వచ్చింది. 2024 ఫిబ్రవరిలో విదేశీ పెట్టుబడి నియమాలు సడలించారు. ముందస్తు ప్రభుత్వ అనుమతి లేకుండా ప్రయోగ వాహనాల్లో 49 శాతం, ఉపగ్రహాల్లో 74 శాతం, విడిభాగాల తయారీలో 100 శాతం వరకు విదేశీ పెట్టుబడి రావచ్చు. 2024 అక్టోబరులో అంతరిక్ష స్టార్టప్‌ల కోసం రూ. 1,000 కోట్ల నిధికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. తెలంగాణ 2022లో అంతరిక్ష సాంకేతిక విధానం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2025లో తన అంతరిక్ష విధానం తెచ్చి, లేపాక్షి, తిరుపతి ప్రాంతాల్లో స్పేస్ సిటీలు తలపెట్టింది.

వీటన్నిటికన్నా గట్టి సాయం శ్రీహరికోటలోనే దొరికింది. విక్రమ్-1 మొదటి దశ కలాం-1200 మోటారు 11 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వ్యాసం. అందులో పట్టే ఘన ఇంధనం 30 టన్నులు. అంత ఇంధనం కలిపి పోయగల కర్మాగారం కట్టుకోవడం స్టార్టప్ తరం కాదు. ఆ పని శ్రీహరికోటలోని ఇస్రో ఘన ఇంధన కర్మాగారంలో జరిగింది. 2025 ఆగస్టు 8న ఆ మోటారును అదే దీవిలోని పరీక్ష వేదిక మీద బిగించి మండించి విజయవంతంగా పరీక్షించారు. అంతకుముందు 2024 మార్చి 27న కలాం-250 రెండో దశ పరీక్ష కూడా ఇక్కడే జరిగింది.

తీరవాసులకు దక్కినది

రాకెట్ కేంద్రం రాకముందు ఈ దీవి యానాదుల నివాసం. భూసేకరణ తరువాత వారు వేరే చోట్లకు తరలిపోవలసి వచ్చింది. ప్రయోగం ఉన్న రోజుల్లో పులికాట్, తడ, సూళ్లూరుపేట వైపు మత్స్యకారులకు సముద్రంలో హెచ్చరిక ప్రాంతం ప్రకటిస్తారు. ఆ రోజు ఆ మేరకు వేట ఆగుతుంది. సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడిలో ప్రయోగానికి ముందు ఇస్రో అధ్యక్షులు పూజ చేయించడం ఆనవాయితీగా మారింది. 2019 నుంచి దీవిలో సందర్శకుల గ్యాలరీ ఉంది. దాదాపు 5,000 మంది కూర్చుని ప్రయోగం చూడవచ్చు.

ఇంత దగ్గరగా రాకెట్లు చూస్తూ పెరిగిన పిల్లలకు ఈ రంగంలో దక్కిన చోటు ఎంత అనే ప్రశ్న మిగిలే ఉంది. హైదరాబాద్‌లో సంస్థ పెట్టడానికి అక్కడి పనివారు, పెట్టుబడి కారణం. కానీ ఇంధనం పోసేదీ, మోటారు పరీక్షించేదీ, రాకెట్ నిలబెట్టేదీ ఈ తీరంలోనే. ఆ పనులకు కావలసిన ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, భద్రతా నిపుణులు సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో తయారు కావచ్చు.

అంచనా

చందన, డాక, నెక్కంటిల ప్రస్థానాల నుంచి యువతరం నేర్చుకోవలసినది ముందు పని నేర్చుకోవడం. ఒకరు ఆరేళ్లు ఇస్రో మోటార్ల మధ్య గడిపారు, ఇంకొకరు ఫ్లైట్ కంప్యూటర్ల మధ్య గడిపారు, మరొకరు విద్యార్థి ఉపగ్రహంతో మొదలై పదేళ్లు ఎదురుచూశారు. సంస్థ పెట్టిన తేదీ నుంచే వారి కథ మొదలైందనుకుంటే అందులో సగం తెలియనట్టే.

ప్రైవేటు రాకెట్ విజయాన్ని ప్రైవేటు సంస్థల గొప్పగానే చెప్పుకోవడం సరికాదు. ఐఐటీలను, ఇస్రోను, శ్రీహరికోటను నిలబెట్టిన ప్రజాధనానికీ అందులో న్యాయమైన వాటా ఉంది. ఆ వాటా తీర్చే దారి కూడా ఉంది. ఈ సంస్థలు తమ తరువాతి తరం పనివారిని, ఇంజనీర్లను ఈ తీరపు బడుల నుంచే ఎంచుకోవాలి. తీరంలోని ఉపాధ్యాయులు తమ పిల్లలను ఒక్కసారైనా సరస్సు దాటించి ఆ గ్యాలరీకి తీసుకువెళ్లాలి, రాకెట్ల పొగ చారల కింద పనిచేసే ఉద్యోగాల పేర్లు వారికి చెప్పాలి.